బోర్డులో ప్రశ్న అడిగితే కృతఘ్నత అవుతుందా?

ప్రశ్న: అద్దె ఇళ్ల నుంచి అన్యాయంగా ఖాళీ చేయించిన కుటుంబాల తరఫున పోరాడే ఒక సామాజిక న్యాయ సంస్థలో నేను ఆరేళ్లు కార్యకర్తగా పని చేశాను. అంతకు ముందు మా కుటుంబమే రోడ్డున పడినప్పుడు ఆ సంస్థే మా పక్షాన నిలబడింది. ఏడాది క్రితం నన్ను పాలకమండలిలోకి తీసుకున్నారు. తొమ్మిది మంది సభ్యులలో సంస్థ సహాయం పొందినవారి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సమావేశపు కాగితాలు ముందు రోజు రాత్రి చేతికొస్తాయి. గత సమావేశంలో, న్యాయ సహాయం కోసమని ఒక దాత ఇచ్చిన నిధి నుంచి రెండు నెలల జీతాలు చెల్లించినట్టు లెక్కలలో చూసి, అలా చేయవచ్చా అని అడిగాను. సంస్థను స్థాపించి ఇప్పటికీ డైరెక్టరుగా నడుపుతున్న మేడమ్ చిన్నబుచ్చుకున్నారు. "మన మధ్య నమ్మకం లేకపోతే ఎలా?" అని అధ్యక్షులు అన్నారు. తరువాత వచ్చిన మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసిన కాగితంలో, నా ప్రశ్నే లేదు. నాతో కలిసి పని చేసిన సిబ్బంది రాత్రిపూట ఫోన్ చేసి మేడమ్ మీద ఫిర్యాదులు చెబుతున్నారు. నాలాగే సంస్థ సహాయం కోసం వచ్చిన మా వాళ్లేమో "నువ్వు లోపల ఉండి మాకేం చేశావు?" అంటున్నారు. మా అన్నయ్య కేసు కూడా ఇప్పుడు సంస్థ దగ్గరే ఉంది. నన్ను నిలబెట్టిన మనిషినే నిలదీసి కృతఘ్నురాలినయ్యానా? రాజీనామా చేయడమే మంచిదా?

జవాబు:

సోదరీ, నమస్కారం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన మాట కృతఘ్నత. అందుకే ముందు దాని గురించే రాస్తాను.

మీరు అడిగినది పాలకమండలి సభ్యురాలు అడిగి తీరవలసిన ప్రశ్న. మీ కుటుంబం రోడ్డున పడిన రోజున మీకు అందిన సహాయం ఆ మేడమ్ చేతుల మీదుగానే వచ్చి ఉండవచ్చు, ఆమె పట్ల మీకున్న గౌరవాన్ని తగ్గించుకోమని నేను చెప్పను. అయితే ఆ సహాయంలో దాతల డబ్బు, వకీళ్ల సమయం, మీలాంటి కార్యకర్తల శ్రమ కలిసి ఉన్నాయి. రేపు మరో కుటుంబం అదే తలుపు తట్టినప్పుడు వాదించడానికి వకీలు ఉండాలన్నా, కోర్టు రుసుము కట్టడానికి డబ్బు ఉండాలన్నా, న్యాయ సహాయానికని వచ్చిన నిధి న్యాయ సహాయానికే ఖర్చు కావాలి. మీరు ఆ రాబోయే కుటుంబం తరఫున అడిగారు. సంస్థను కన్నబిడ్డలా పెంచినవారికి, ఎవరైనా లెక్క అడిగినప్పుడు మనసు చివుక్కుమనడం సహజం. ఆమె నొచ్చుకున్నారు కాబట్టి మీరు తప్పు చేశారనీ అనుకోవద్దు, ఆమె ఏదో దాస్తున్నారనీ అనుకోవద్దు.

దుకాణానికి యజమాని ఉంటాడు. లెక్కలో తేడా వస్తే నష్టపోయేది తానే గనుక రాత్రి గల్లా కట్టే ముందు తానే సరిచూసుకుంటాడు. స్వచ్ఛంద సంస్థకు అలాంటి యజమాని ఎవరూ లేరు. స్థాపించినవారు యజమానులు కారు, దాత తన డబ్బును ఇచ్చిన తరువాత దానికి యజమానిగా మిగలడు, సహాయం పొందే కుటుంబాలకు లెక్కలు చూపించమని అడిగే అధికారం సాధారణంగా ఉండదు. యజమాని ఉంటే ఏయే ప్రశ్నలు అడిగేవాడో ఆ ప్రశ్నలు అడగడానికే పాలకమండలి అనే ఏర్పాటు పుట్టింది. చట్టాల మాటలు దేశానికొక తీరుగా ఉన్నా, సభ్యుల మీద అవి పెట్టే బాధ్యతలు దాదాపు ఒకటే: తన సొంత వ్యవహారంలో చూపేంత శ్రద్ధ సంస్థ వ్యవహారంలోనూ చూపడం, తన లాభం కన్నా సంస్థ మేలును ముందు చూడటం, ఏ ఆశయం కోసం సంస్థ పుట్టిందో దానికి నిధులనూ పనినీ కట్టుబడేలా చూడటం. రెండవ దాన్ని విధేయత అని కూడా అంటారు గానీ, ఆ విధేయత సంస్థకు చెందుతుంది, అధ్యక్షుడికి గానీ డైరెక్టరుకు గానీ కాదు. మీ అధ్యక్షులు "నమ్మకం" అన్నప్పుడు సంస్థ పట్ల విధేయత, మనుషుల పట్ల విధేయత కలగలిసిపోయాయని నాకు అనిపించింది.

నమ్మకం మీద మాత్రమే నడిచిన పాలకమండలికి ఏమవుతుందో చెప్పే ఒక తీర్పు ఉంది. 1974లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు, లాభాపేక్ష లేకుండా నడిచే ఒక ఆసుపత్రి పాలకమండలి మీద వచ్చిన దావాను విచారించింది. ఆ సంస్థ 1960లో తన నియమావళిని మార్చుకొని ఆర్థిక వ్యవహారాలకు ఒక కమిటీ, పెట్టుబడులకు ఒక కమిటీ పెట్టుకుంది. 1971 వరకు ఆ రెండు కమిటీలూ ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. పాలనాధికారి, కోశాధికారి ఇద్దరే అన్నీ చూసుకున్నారు, మిగిలినవారు వాళ్లు చెప్పినదానికి తల ఊపారు. పెద్ద మొత్తాలు, కొందరు సభ్యులకు సంబంధం ఉన్న బ్యాంకులలోనే, వడ్డీ రాని ఖాతాలలో పడి ఉన్నాయి. కుట్ర జరిగిందన్న ఆరోపణ రుజువు కాలేదని న్యాయమూర్తి గెసెల్ తేల్చారు. అయినా పర్యవేక్షణను పూర్తిగా వదిలేయడమే బాధ్యతను ఉల్లంఘించడమని చెప్పారు. వాళ్లు దురాశాపరులని కోర్టు అనలేదన్న సంగతి గమనించండి. బహుశా వాళ్లు మర్యాదస్తులు, ఒకరినొకరు నమ్మినవాళ్లు, అడగడానికి మొహమాటపడినవాళ్లు అయి ఉంటారు.

ఇప్పుడు మీ నిధి సంగతికి వద్దాం. ఇక్కడ నిదానం అవసరం, ఎందుకంటే రెండు నెలల జీతాలు అన్న ఒక్క పద్దును చూసి తప్పు జరిగిందని ఎవరూ చెప్పలేరు. న్యాయ సహాయం అంటే వకీలు, ఆయన గుమాస్తా, కేసుల వివరాలు సేకరించే కార్యకర్త. వీళ్ల జీతాలు దాత ఆమోదించిన బడ్జెట్‌లోనే ఉండి ఉంటే ఆ చెల్లింపు సక్రమమైనదే, మీ ప్రశ్నకు రెండు నిమిషాలలో జవాబు వచ్చి ఉండేది. అలా కాకుండా వేరే నిధి రావడం ఆలస్యమైందని, కార్యాలయ సిబ్బంది అందరి జీతాలనూ ఈ నిధి నుంచి ఇచ్చి, తరువాత సర్దుదామని అనుకొని ఉంటే, అది ఎంత మంచి ఉద్దేశంతో చేసినా దాతకు ఇచ్చిన మాట తప్పడమే. చాలా చోట్ల చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. దాత నుంచి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే అది వేరే విషయం. కాబట్టి మీకు కావలసినవి మూడు కాగితాలు: దాతతో చేసుకున్న ఒప్పందం, దానికి జతచేసిన బడ్జెట్, ఆ నిధి నుంచి ఇప్పటివరకు జరిగిన ఖర్చుల పట్టిక. వీటిని చూడటానికి పాలకమండలి సభ్యురాలిగా మీకు హక్కు ఉంది, ఎవరి దయా అక్కరలేదు.

ఈ కాగితాలు అడగవలసినది కోశాధికారిని. సమావేశానికి ముందే, ఒక్కరినే కలిసి అడగండి. నలుగురిలో అడిగినప్పుడు నిందలా వినిపించే మాట, ఇద్దరి మధ్య సందేహంగా వినిపిస్తుంది, చాలాసార్లు కోశాధికారులు తమ మనసులోని బెంగను చెప్పుకోవడానికి ఇలాంటి మనిషి కోసమే ఎదురు చూస్తుంటారు. అడిగేటప్పుడు ఈ ఒక్క నిధితో ఆగవద్దు. ఏ నిధికీ కట్టుబడని, సంస్థ తన ఇష్టప్రకారం వాడుకోగల డబ్బు ఎంత ఉంది, కొత్త విరాళం ఒక్కటి కూడా రాకపోతే అది ఎన్ని నెలలకు సరిపోతుంది, సిబ్బంది జీతాల నుంచి పట్టుకున్న పన్ను సకాలంలో ప్రభుత్వానికి జమ అవుతోందా అన్నవి కూడా అడగండి. ఈ చివరి ప్రశ్న అతి ముఖ్యం. ఇబ్బందుల్లో ఉన్న సంస్థలు ముందుగా చేయి పెట్టేది ఆ డబ్బు మీదే, కొన్ని దేశాలలో అది కట్టకపోతే బాధ్యులను గుర్తించి వారి సొంత ఆస్తి నుంచి రాబడతారు.

నిధుల నిల్వ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. బ్రిటన్‌లో 1996లో మొదలై, కష్టాలలో ఉన్న పిల్లల కోసం పని చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్న ఒక సంస్థ 2015 ఆగస్టులో మూతపడింది. దాని వ్యవస్థాపకురాలు అందరి అభిమానం పొందిన వ్యక్తి. సంస్థ చేతిలో నిల్వ ఎప్పుడూ అతి స్వల్పంగానే ఉండేది. మరుసటి ఏడాది పార్లమెంటరీ కమిటీ ఆ సంస్థ ట్రస్టీలను, అంటే పాలకమండలి సభ్యులను, గట్టిగా తప్పుపట్టింది. 2021లో హైకోర్టు మాత్రం వారిని పదవులకు అనర్హులుగా ప్రకటించడానికి ఒప్పుకోలేదు, వారి చిత్తశుద్ధిని గుర్తించింది. ట్రస్టీల మీద ఏ తీర్పు వచ్చినా, సంస్థ తలుపులు మూసిన రోజున దాని మీద ఆధారపడిన పిల్లలకు మరో దారి వెతుక్కోక తప్పలేదు. మీ సంస్థ మూతపడితే రోడ్డున మిగిలిపోయేది ఎవరో మీకు నాకన్నా బాగా తెలుసు.

మినిట్స్ విషయంలో మాత్రం మీరు కొంచెం గట్టిగా ఉండాలి. సమావేశంలో ప్రతి మాటా రాయనక్కరలేదు, నిజమే. కానీ ఒక సభ్యురాలు నిధుల వాడకం మీద లేవనెత్తిన ప్రశ్న రాయదగిన విషయం. తరువాతి సమావేశంలో మొట్టమొదట గత మినిట్స్‌ను ఆమోదించే అంశం ఉంటుంది. అది తొందరగా దాటిపోతుంది గనుక సిద్ధంగా ఉండండి. "ఫలానా నిధి నుంచి జీతాల చెల్లింపు గురించి నేను వివరణ అడిగాను, ఆ విషయం చేర్చవలసిందిగా కోరుతున్నాను" అని, అంతే, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేకుండా చెప్పండి. ఒప్పుకోకపోతే అదే వాక్యాన్ని కార్యదర్శికి ఉత్తరంగా ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోండి. అమెరికాలోని అనేక రాష్ట్రాల చట్టాల ప్రకారం సమావేశానికి హాజరైన సభ్యుడు తన అసమ్మతిని నమోదు చేయించకపోతే, ఆ నిర్ణయానికి ఒప్పుకున్నట్టే లెక్క. మీ దేశపు చట్టం ఆ మాట అన్నా అనకపోయినా, పదేళ్ల తరువాత ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే వారికి మీ ఆలోచన తెలియడానికి వేరే ఆధారం ఉండదు. నేనొక సంస్థ పాలకమండలిలో ఉన్నప్పుడు మొదటి రెండేళ్లు చదవకుండానే సంతకాలు చేశాను. తరువాత ఒక లెక్క తేలనప్పుడు పాత పుస్తకాలు తీస్తే, ప్రతి పేజీలోనూ "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న వాక్యం కింద నా సంతకం ఉంది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు మీకు కలగకూడదని కోరుకుంటున్నాను.

కాగితాలు ముందు రోజు రాత్రి రావడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మిగిలిన జాడ్యాలన్నీ అక్కడే మొదలవుతాయి. కనీసం వారం ముందు పంపాలని ఒక తీర్మానం ప్రతిపాదించండి. దీనికి అడ్డు చెప్పడం ఎవరికైనా కష్టం.

ఇక రాత్రి వచ్చే ఫోన్లు. మీరు వాళ్లతో కలిసి ఎండలో నిలబడిన మనిషి, వాళ్లు మీకే చెప్పుకుంటారు. అయినా ఇక్కడ మీ హద్దు తెలుసుకోవాలి. పాలకమండలికి అధికారం ఉన్నది అందరూ కలిసి కూర్చుని తీర్మానించినప్పుడు. సమావేశం ముగిసి బయటికి వచ్చిన తరువాత ఏ ఒక్క సభ్యురాలికీ సిబ్బందికి ఆజ్ఞలిచ్చే అధికారం గానీ, వారి తగవులు తీర్చే అధికారం గానీ లేదు. మీరు ఒకరి మాట విని మేడమ్‌ను నిలదీస్తే, సిబ్బంది ఇకపై ప్రతి చిన్న విసుగునూ మీ దగ్గరికే తెస్తారు, డైరెక్టరుగా ఆమె తన పని చేయలేరు, ఆ చెడ్డపేరు చివరకు మీ ఒక్కరి మీదే పడుతుంది. పని వేళలు, సెలవులు, మాట కటువుగా ఉండటం వంటివి అయితే సానుభూతితో విని, సంస్థలో ఫిర్యాదుకు ఉన్న పద్ధతి ప్రకారం వెళ్లమని చెప్పండి. అలాంటి పద్ధతే లేదని తేలితే దాన్ని ఏర్పరచమని అడగడం మాత్రం ముమ్మాటికీ మీ పని. డైరెక్టరు మీదనే ఫిర్యాదు ఉంటే అది డైరెక్టరు బల్ల మీదికే వెళ్లి ఆగిపోకుండా, అధ్యక్షులకో ఇద్దరు సభ్యుల కమిటీకో చేరే దారి అందులో ఉండాలి.

లైంగిక వేధింపు, ఎవరి ప్రాణానికైనా ముప్పు, డబ్బు స్వాహా, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధింపు వంటి మాట చెవిన పడితే మీరు ఊరుకోకూడదు. వెంటనే రాతపూర్వకంగా పాలకమండలి ముందుంచాలి. అందుకే ఫోన్ ఎత్తగానే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నువ్వు చెప్పేదాన్ని బట్టి నేను బోర్డుకు చెప్పవలసి రావచ్చు, అది తెలిసి చెప్పు" అని ముందే అనండి. స్నేహితురాలికి ఆ మాట కొంచెం పరాయిగా అనిపించవచ్చు గానీ, అది ఆమెను కూడా కాపాడుతుంది.

"లోపల ఉండి మాకేం చేశావు?" అన్న మీ వాళ్ల ప్రశ్న గురించి కొంచెం ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, కానీ దానికి మీరు జవాబుదారు కారు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకురాలు, పేదల కోసం నడిచే కార్యక్రమాలలో పేదలకు నిజంగా ఎంత అధికారం ఉందో కొలవడానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి ప్రతిపాదించారు. ఎవరో ఎంపిక చేసిన కొద్దిమంది పేదలను బోర్డులలో కూర్చోబెట్టి, వాళ్లను సులభంగా ఓడించగలిగేంత మంది పెద్దలను చుట్టూ ఉంచే పద్ధతిని ఆమె అయిదో మెట్టు మీద పెట్టారు, దాన్ని బుజ్జగింపు అన్నారు. తొమ్మిదిలో ఒక్కరు అన్న మీ పరిస్థితి సరిగ్గా అదే. ఈ సంగతి తెలిసి కొన్ని చట్టాలు సంఖ్యలనే నిర్దేశించాయి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో పేదరికం మీద పని చేసే సముదాయ సంస్థల బోర్డులలో కనీసం మూడో వంతు మంది పేదల ప్రతినిధులుగా ప్రజాస్వామ్యబద్ధంగా ఎంపికైనవారు ఉండాలి. అక్కడే సముదాయ ఆరోగ్య కేంద్రాల బోర్డులలో కనీసం 51 శాతం మంది ఆ కేంద్రంలో వైద్యం పొందేవారే అయి ఉండాలి. వకీలు, లెక్కలు తెలిసినవారు, విరాళాలు తేగలిగినవారు బోర్డుకు అవసరమే. కానీ ఇల్లు ఖాళీ చేయించే నోటీసు చేతికందిన రాత్రి ఎలా గడుస్తుందో తెలిసినవారు కూడా అంతే అవసరం, ఆ తెలివి ఒక్కరి దగ్గరే ఉంటే అది అభిప్రాయంగా కొట్టివేయబడుతుంది, నలుగురి దగ్గర ఉంటే అనుభవంగా లెక్కకొస్తుంది.

అందుచేత తరువాత ఖాళీ అయ్యే రెండు మూడు స్థానాలను సహాయం పొందినవారి నుంచి, వారే ఎన్నుకున్నవారితో నింపాలని ప్రతిపాదించండి. వారు రాగలిగేలా సమావేశాలు పని వేళల్లో కాకుండా సాయంత్రమో సెలవు రోజునో పెట్టమనండి. రానుపోను ఖర్చు ఇవ్వమనండి, కాగితాలు వారు చదవగలిగే భాషలో ఉండాలనండి. కూలి పోగొట్టుకుంటే తప్ప రాలేని వేళకు సమావేశం పెట్టే సామాజిక న్యాయ సంస్థను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీ వాళ్లతో మాత్రం ఒక మాట స్పష్టంగా చెప్పండి: ఎవరి కేసు ముందు తీసుకోవాలో, ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో మీరు చెప్పలేరు, చెప్పకూడదు. అందరికీ వర్తించే పద్ధతి సరిగ్గా ఉందా అని మీరు చూడగలరు.

మీ అన్నయ్య కేసు సంగతి ఇదే కోవలోది. కేసు సంస్థ తీసుకోవడంలో తప్పు లేదు. ఆయన మీ అన్నయ్య అని అధ్యక్షులకు రాతపూర్వకంగా తెలియజేయండి. కేసుల కేటాయింపు గానీ ఆ కేసు ఖర్చు గానీ చర్చకు వస్తే గది బయటికి వెళ్లండి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించండి. వకీలును ఆ కేసు గురించి మీరు ఎప్పుడూ అడగవద్దు. అన్నయ్యే అడుగుతారు. మీరు ఇతరులను లెక్క అడుగుతున్న ఈ సమయంలో మీ వైపు వేలు చూపే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

రాజీనామా ఇప్పుడే చేయవద్దని నా సలహా. వెళ్లిపోతే మీ కాలంలో జరిగిన నిర్ణయాల బాధ్యత మీతో పాటు వచ్చేస్తుంది, ప్రశ్న మాత్రం అక్కడే అనాథగా మిగిలిపోతుంది. రాబోయే రెండు సమావేశాల వరకు గడువు పెట్టుకోండి. ఈలోగా ఆ మూడు కాగితాలు మీకు చూపిస్తే, మినిట్స్ సరిదిద్దితే, జవాబు మీకు నచ్చినా నచ్చకపోయినా సంస్థ ఆరోగ్యంగానే ఉందని అర్థం. అప్పుడు ఉండండి, మీ పదవీకాలం పూర్తి చేయండి. రాతపూర్వకంగా అడిగినా కాగితాలు దాచితే, లేదా జరగని దాన్ని జరిగినట్టు రాసిన పత్రం మీద సంతకం చేయమంటే, అప్పుడు సంస్థతో సంబంధం లేని వకీలును సంప్రదించి, కారణాలను స్పష్టంగా రాసి రాజీనామా ఇవ్వండి. స్వచ్ఛంద సంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ శాఖకు తెలియజేయవలసిన అవసరం ఉందో లేదో ఆ వకీలే చెబుతారు.

ఈ లోపల ఒకసారి మేడమ్‌ను కూడా కలవండి, కార్యాలయంలో కాకుండా, తీరిక ఉన్నప్పుడు. మీ కుటుంబానికి ఆమె చేసినది మీరు మరచిపోలేదని ఆమెకు మీ నోటితోనే చెప్పండి. ఆ మాట తరువాత, దాత ఒప్పందం చూడటానికి కోశాధికారిని అడిగానని కూడా చెప్పండి. ఇంకొకరి నోట వినడం కన్నా మీ నోట వినడం ఆమెకు తేలికగా ఉంటుంది. ఒకవేళ వేరే నిధి ఆలస్యమై, సిబ్బంది ఇళ్లలో పొయ్యి వెలగదన్న భయంతో ఆమె ఒంటరిగా ఆ నిర్ణయం తీసుకొని ఉంటే, ఆ భయాన్ని ఇన్నాళ్లూ తొమ్మిది మందిలో ఒక్కరితోనూ ఎందుకు పంచుకోలేకపోయారో అడగండి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి.